తమ్ముడి పాదం

"ఆసుపత్రి చేతులతో ఆ చేమాకులు చుట్టకే తల్లీ, నోట్లోకి ముద్ద దిగదు" అంది మా అత్తగారు సిసీలియా.

ఆదివారం పొద్దున, చర్చికి వెళ్ళేముందు. నేను వంటింటి గడప దగ్గర కూర్చుని చేమాకుల్లో ఉల్లిపాయలూ డబ్బా మాంసమూ పెట్టి, కొబ్బరిపాలు పోసి పొట్లాలు కడుతున్నాను. పదమూడు పొట్లాలు, ఆడపడుచుల పిల్లలతో కలిపి. ఆ చేతులతోనే ముందురోజు ఆవిడ కాలిగోళ్ళు తీశాను. ఆ చేతులతోనే మా మామగారికి ఎనిమిది నెలలు మంచం మీదే అన్నీ ఎత్తాను. అప్పుడు దిగిన ముద్ద ఇప్పుడెందుకు దిగదో అడగాలనిపించింది. మా ఆయన కలాఫి పెరట్లో ఆ పొట్లాలు ఉడికించే పొయ్యిగోతిలో రాళ్ళు సర్దుతూ నవ్వాడు. "ఇంకోసారి సబ్బుతో కడుక్కోరాదూ, పోయేదేముంది?" అన్నాడు. పోయేదేమీ లేదు, నిజమే. లేచి కడుక్కున్నాను.

ఇరవై రెండేళ్ళుగా మా దీవి ఆసుపత్రిలో పుళ్ళకి కట్లు కట్టే గది నాది. నర్సు పనంటే సూది గుచ్చడం అనుకుంటారు చాలామంది. సూది గుచ్చడం వారం రోజుల్లో వస్తుంది. ఏళ్ళు పట్టేవి వేరే ఉన్నాయి. మనిషి తలుపు తోసుకుని వచ్చేటప్పుడే మొహం చూసి, ఇతను బెంచీ మీద గంటసేపు ఆగగలడా, ఇప్పుడే మంచం మీద పడుకోబెట్టాలా తేల్చుకోవడం. చేతివెనక తగిలించి జ్వరం ఎంతో చెప్పడం. పాదం మీద రెండు వేళ్ళు ఆనించి, రక్తం అక్కడిదాకా వస్తోందో లేదో కళ్ళు మూసుకుని వినడం. వాన గురించీ పెండలం పంట గురించీ మాట్లాడుతూ మాట్లాడుతూ, చచ్చిన కండని కత్తిరించి బతికున్న కండని వదిలేయడం. ఏ మందు ఎంత వెయ్యాలో మా కుర్ర డాక్టరుకి ఎలా చెప్పాలంటే, అది ఆయన బుర్రలోంచే పుట్టిందని ఆయన అనుకోవాలి. అన్నిటికంటే ఆలస్యంగా వచ్చేది ముక్కు. కట్టు విప్పకముందే ఈ పుండు మానుతోందా, లోపలికి తవ్వుకుపోతోందా వాసనే చెబుతుంది. మా దీవిలో సగం ఇళ్ళలో షుగరు. "లూపే చెయ్యి దూది" అంటారు జనం నా గురించి. పక్క దీవుల నుంచి కూడా పడవలెక్కి వస్తారు.

ఆ ఆదివారం చర్చిలో, పాట మొదలయ్యాక, ఆ వాసన వచ్చింది. పూల కొబ్బరినూనెల ఘుమఘుమల మధ్య, పండు మురిగినట్టు తియ్యగా మొదలై, చివర్లో గొంతుకడ్డం పడే వాసన. నా చేతిలో పాటల పుస్తకం అలాగే ఉండిపోయింది. ఎవరిదా అని చూశాను. రెండు వరసల ముందు మా తమ్ముడు లిసియాటె నిలబడి ఉన్నాడు. ఎప్పుడూ చెప్పులేసుకుని వచ్చేవాడు, ఆ రోజు బూట్లూ మేజోళ్ళూ వేసుకున్నాడు. బరువంతా కుడికాలి మీద వేసి, ఎడమకాలి మడమ నేలకి ఆనీ ఆనకుండా నిలబడ్డాడు. గొంతు మాత్రం ఎప్పట్లాగే, చర్చి కప్పు అదిరేలా పాడుతున్నాడు.

వేరే ఎవరైనా అయితే బయటికి రాగానే రెక్క పట్టుకుని "ఏరా, ఎన్నాళ్ళయింది? నడు, విప్పు" అనేదాన్ని. వీడు నా తమ్ముడు.

మా వాళ్ళలో ఆడపిల్ల పుట్టింటికి దేవత. దేవతంటే ఇంకేముంది, అన్నదమ్ములు ఆమెని ముట్టుకోకూడదు, ఎదురుపడకూడదు, ఎదురుగా కాలు చాపి కూర్చోకూడదు, ఒంటి సంగతి ఎత్తకూడదు. దూరంగా జరిగిపోవాలి. అదే దేవత అత్తింటికొచ్చి గిన్నెలు తోముతుంది, అది వేరే కథ. పన్నెండేళ్ళు రాగానే లిసియాటె చాపా దుప్పటీ పెరట్లో మగపిల్లల గుడిసెలోకి మారాయి. అంతకు ముందురోజు దాకా వాడి కాల్లో ముల్లు దిగితే నేనే పళ్ళతో పట్టి లాగేదాన్ని. ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళలో వాడి వేలు కూడా నాకు తగల్లేదు. నేను గదిలోకొస్తే వాడు లేచి వెళ్తాడు. కానీ ఏటా వాడి తోటలో తవ్విన మొదటి పెండలాల బుట్ట తెల్లారేసరికి మా గుమ్మంలో ఉంటుంది. అదే మా ఇద్దరి మధ్యా మాట.

సోమవారం డ్యూటీ దిగి మరదలు ఓఫా దగ్గరికి వెళ్ళాను. చాప అల్లుతోంది. నన్ను చూడగానే ఏడుపు మొహం పెట్టింది.

"నన్నేమీ అడక్కు వదినా. చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు."

"నేను అడగను. నువ్వు చాపతో చెప్పుకో, నేను వింటాను."

నవ్వబోయి ఏడ్చేసింది. చాప వైపే చూస్తూ చెప్పింది. నెల కిందట చేపలకి వెళ్ళి పగడపు రాయి మీద కాలేశాడు. చిన్న గాటు. ఆకు మందు వేసే ముసలమ్మ దగ్గర కట్టు కట్టించుకున్నాడు. బొటనవేలు నల్లబడింది. "ఆసుపత్రికి పోదాం అంటే, 'అక్కడ అక్కుంది. అక్క ముందు కాలు చాపుకుని కూర్చోనా? చచ్చిపోతాను గానీ ఆ పని చెయ్యను' అంటున్నాడు వదినా. దీవంతా నీ దగ్గరికొచ్చి బాగుపడుతుంటే, ఈయన నీవల్లే రాలేకపోతున్నాడు."

నీవల్లే. ఆ పిల్ల కావాలని అన్నది కాదు. కానీ ఇంటికి నడుస్తున్నంతసేపూ ఆ ఒక్క మాటే చెవిలో పోరింది.

సరే, నేనే అడ్డమైతే నేనే తప్పుకుంటానని మర్నాడు పెద్ద నర్సు వైమోఆనా దగ్గరికి వెళ్ళి వారం సెలవడిగాను. ఆవిడ రిజిస్టరు తిప్పి కళ్ళజోడు పైకి తోసింది. "నీకు సెలవెక్కడిదమ్మా? మీ మామగారు పోయినప్పుడు పదిరోజులు. మీ అత్తగారి చర్చి విందులకి ఆరు. ఆడపడుచు పెళ్ళికి ఐదు. నీ సెలవులన్నీ మీ అత్తారి వంటింట్లోనే అయిపోయాయి లూపే" అంది. నిజమే. ఆ పదిరోజులూ, చావింట్లో దిగువవాళ్ళు కట్టే చిరిగిన పెద్ద చాప నడుముకి చుట్టుకుని, పొగలో కళ్ళు మండుతూ, మూడొందలమందికి వండాను. ఊపిరి తీసుకోవడానికి ఒక్కరోజు కూడా నా కోసం మిగుల్చుకోలేదు. మిగల్చాలన్న ఆలోచనే రాలేదు. నాతో పనిచేసిన రెండో నర్సు న్యూజిలాండ్‌లో ముసలివాళ్ళని చూసుకునే ఉద్యోగానికి వెళ్ళిపోయింది, నా బదులు చేసే దిక్కూ లేదు. బతిమాలగా బతిమాలగా ఒక్కరోజు ఇచ్చింది. గురువారం. దానికి బదులు ఆదివారం డ్యూటీ చెయ్యాలి.

గురువారం పొద్దున తొమ్మిదింటికి రమ్మని ఓఫా చేత చెప్పించాను. అక్క ఉండదు, కెలెలా అనే కొత్తపిల్ల కట్టు కడుతుంది, ఎవరికీ తెలీదు అని. వస్తానన్నాడట. ఆ పిల్లకి ముందురోజు సాయంత్రం కూర్చోబెట్టి అన్నీ నేర్పాను. ఎక్కడ కొయ్యాలి, ఎక్కడ ఆగాలి, ఏ మాత్రం జ్వరమున్నా ఇంటికి పంపకు అని.

గురువారం ఎనిమిదిన్నరకి కలాఫి చొక్కా తొడుక్కుంటూ, "ఇంట్లో ఖాళీగానే ఉన్నావుగా, అమ్మని ఆసుపత్రికి తీసుకెళ్ళు. బీపీ బిళ్ళలు అయిపోయాయట, కళ్ళు తిరుగుతున్నాయట" అన్నాడు.

"ఇవాళొద్దు. రేపు నేనే తెస్తాను."

"ఎందుకొద్దు?"

ఎందుకో ఎలా చెప్పను? తమ్ముడి కాలు కుళ్ళుతోందని అత్తింట్లో నోరు జారితే సాయంత్రానికి ఊరంతా పాకుతుంది. వాడు తలెత్తుకు తిరగలేడు.

"ఊరందరి పుళ్ళూ కడుగుతావు, మా అమ్మ దగ్గరికొచ్చేసరికి నీకు తీరదు" అన్నాడు. ఆవిడ అప్పటికే మంచి బట్టలు కట్టుకుని, సంచీ ఒళ్ళో పెట్టుకుని గుమ్మంలో కూర్చుంది. "వద్దులే నాయనా, దాన్నెందుకు బతిమాలతావు, కళ్ళు తిరిగి పడితే పడతాను" అంటోంది. పదిన్నర దాకా ఏదో ఒక పని కల్పించుకున్నాను. బట్టలుతికాను. పందులకి కొబ్బరి వేశాను. తొమ్మిదింటికి వచ్చినవాడు పదిన్నరకి వెళ్ళిపోయి ఉంటాడని లెక్కేసుకుని బయల్దేరాను.

వాడికి బండి దొరకలేదట. పదకొండింటికి వచ్చాడు.

నేను మా అత్తగారి రెక్క పట్టుకుని వరండా మెట్లెక్కుతున్నాను. వాడు గేటు దగ్గర, ఒక బూటు చేత్తో పట్టుకుని, ఎడమపాదానికి గుడ్డా ఆకులూ కట్టుకుని, కుంటుకుంటూ వస్తున్నాడు. ఇద్దరం ఒకేసారి చూసుకున్నాం. అప్పుడు నేను చేసిన పని మా వాళ్ళలో పుట్టిన ఏ అక్కయినా చేస్తుంది. ఆలోచించి చేసింది కాదు, ఒళ్ళే చేసేసింది. గోడవైపు మొహం తిప్పేసుకున్నాను. నేను చూడలేదని వాడనుకోవాలి, మర్యాద పోకుండా లోపలికి వెళ్ళిపోవాలి, అంతే. ఆ సున్నం గోడనే చూస్తూ వంద లెక్కపెట్టుకున్నాను. తిరిగి చూసేసరికి గేటు దగ్గర ఎవరూ లేరు, వాడు లోపలికీ రాలేదు. "గోడకేం చూస్తున్నావే, బల్లి గానీ ఉందా?" అంది మా అత్తగారు.

ఒక్క కేక వేస్తే సరిపోయేది. "ఒరేయ్, లోపలికి పో" అని ఒక్క కేక. ఆ కేక ఇప్పటికీ నా గొంతులోనే ఉంది.

సాయంత్రం పుండుకి వేసే బిళ్ళలు పట్టుకుని ఓఫా దగ్గరికి పరిగెత్తాను. "'అక్క నా కాలు చూసింది' అంటూ పెరటి గుడిసెలోంచి బయటికే రావట్లేదు వదినా" అంది. వేళకి బిళ్ళలు వేయించు, సోమవారం ఎలాగైనా నేను ఉండకుండా చూస్తాను, తీసుకురా అన్నాను. సోమవారం దాకా ఆగే పుండు కాదని నా ముక్కుకి తెలుసు. తెలిసీ ఆ మాటే అన్నాను. నన్ను నేను క్షమించుకోలేనిది అదొక్కటే.

ఆదివారం మధ్యాహ్నం మా చిన్నాన్న కొడుకు పెనిసిమానీ తన ట్రక్కులో తెచ్చాడు వాణ్ణి. ఒళ్ళు కాలిపోతోంది, ఊపిరి ఎగదన్నుతోంది, మోకాలి దాకా వాపు. కుర్ర డాక్టరు చూసి రాజధానికి పంపాలన్నాడు. ఆదివారం దేవుడి రోజని మా దేశంలో విమానం లేవదు, సోమవారం పొద్దుటిదాకా ఆగాల్సిందే. ఈలోగా పుండు శుభ్రం చెయ్యాలి. కెలెలా కత్తెర పట్టుకుంది. "అక్కా, నావల్ల కాదు, ఎముక కనపడుతోంది" అని నా దగ్గరికి వచ్చి ఏడ్చేసింది.

మొహానికి గుడ్డ కట్టుకున్నాను. టోపీ కనుబొమల దాకా లాక్కున్నాను. లోపలికి వెళ్ళాను. మంచం తలాపున నిలబడ్డ ఓఫా నన్ను చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మాట్లాడొద్దని సైగ చేశాను. గొంతు వింటే గుర్తుపడతాడు కదా. ఇరవై రెండేళ్ళలో వాన ముచ్చట చెప్పకుండా నేను కడిగిన పుండు అదొక్కటే.

ముప్ఫై ఏళ్ళ తర్వాత నా తమ్ముడి పాదం నా చేతిలోకి వచ్చింది. ఉప్పునీళ్ళతో కడిగాను. నల్లబడ్డదంతా కొద్దికొద్దిగా కత్తిరించాను. వేళ్ళు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. లోపల నేను మాత్రం గుండెలు బాదుకుంటున్నాను. ఎదురుగా ఉన్న చర్చిలోంచి మధ్యాహ్నం పాట వినిపిస్తోంది. వాడి గొంతు లేని పాట బోసిగా ఉంది.

"నర్సమ్మా" అన్నాడు. కళ్ళు మూసుకునే ఉన్నాడు. "నొప్పే తెలీడం లేదు. మా అక్క చెయ్యి కూడా ఇలాగే ఉంటుందంట. ఊళ్ళో అందరూ చెప్తారు. నాకే తెలీదు."

కత్తెర ఆగిపోయింది. మళ్ళీ కదిలించాను.

"నేనిక్కడికి వచ్చానని మా అక్కకి చెప్పకండి. పాపం, బాధపడుద్ది."

జ్వరంతో మగతలో ఉన్నవాడి కనురెప్పలు వదులుగా ఉంటాయి, సందులోంచి తెలుపు కనపడుతుంది. ఏ నర్సునడిగినా చెబుతుంది. వాడి రెప్పలు గట్టిగా, ముడతలు పడేలా బిగించి ఉన్నాయి. కట్టు ముడి వేసి, పాదం మంచం మీద పెట్టి, నేను గది దాటేదాకా వాడు వాటిని తెరవలేదు.

సోమవారం పొద్దున విమానం దిగేసరికి వాడు లేడు.

మా వాళ్ళలో తోడబుట్టినవాడు పోతే అక్కదే పెద్దపీట. ఫహు అంటారు ఆ స్థానాన్ని. మేనత్త ఉంటే ముందు ఆవిడది, మా మేనత్తలు ఎప్పుడో పోయారు కాబట్టి అది నాకే వచ్చింది. బుధవారం నన్ను తీసుకెళ్ళి శవం తల దగ్గర, పట్టులాంటి సన్నచాపల మీద కూర్చోబెట్టారు. వాడి పెళ్ళాం, పిల్లలూ చిరిగిన చాపలు చుట్టుకుని పొగలో వంట చూస్తున్నారు. మా అత్తగారు ఆ రోజు నాకంటే దిగువన, తలుపు దగ్గర కూర్చోవాల్సి వచ్చింది. వచ్చినవాళ్ళందరూ చాపలూ చెట్టుబెరడుతో చేసిన గుడ్డల చుట్టలూ నా ముందు పేర్చి తల వంచుకుని వెళ్తున్నారు. కలాఫి వంగి నా చెవిలో, "ఆ పెద్ద చాప ఎవరికీ ఇచ్చెయ్యకు" అన్నాడు. నేను తమ్ముడి జుట్టు సర్దుతున్నాను. ఇప్పుడు ఎవరూ వద్దనడం లేదు. చచ్చాక తల దగ్గర కూర్చోబెట్టారు, బతికున్నప్పుడు కాలి దగ్గరికి రానివ్వలేదు. ఎంత ఏడ్చినా ఆ మాట ఏడుపులో కలిసిపోలేదు, రాయిలా అక్కడే ఉంది.

కుటుంబం తరఫున మాట్లాడే పెద్దమనిషి నా ముందు కాళ్ళు మడిచి కూర్చున్నాడు. "ఫహు తల్లీ, ఈ చాపలూ, బయట కట్టేసిన పందీ అన్నీ నీవే. ఇంకేం కావాలో సెలవియ్యి" అన్నాడు. అది వాడుకగా అనే మాట. ఫహు అడిగింది కాదనడానికి వీల్లేదు, కాదంటే వంశానికి కీడు. ఎవరూ చాపలకి మించి అడగరు కూడా.

"చాపలన్నీ ఓఫాకి ఇచ్చెయ్యండి" అన్నాను. ఎదురుగా, గోడవార మా వంశం మగవాళ్ళు కూర్చున్నారు, పెదనాన్న కొడుకులూ చిన్నాన్న కొడుకులూ, పధ్నాలుగు మంది. అందరూ నాకు అన్నలూ తమ్ముళ్ళే. "వీళ్ళని బూట్లు విప్పమనండి. మేజోళ్ళు కూడా. నాకు పాదాలు చూపించాలి."

ఆయనకి అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాను. ఏడుపులన్నీ ఆగిపోయాయి.

"అమ్మా, వీళ్ళు నీకు తోడబుట్టినవాళ్ళ లెక్క కదా..."

"తెలుసు. అందుకే అడుగుతున్నా."

"దీనికి పిచ్చెక్కిందిరా కలాఫీ" అంది మా అత్తగారు తలుపు దగ్గర్నుంచి. కలాఫి లేచి, "లూపే, ఇంటికి పద" అన్నాడు.

"ఇవాళ ఇది నా ఇల్లు. నువ్వు కూర్చో" అన్నాను. గొంతు పెంచలేదు. కూర్చున్నాడు.

అన్నలు నేల చూపులు చూస్తున్నారు. నేను శవం తల దగ్గర్నుంచి లేచి, వాళ్ళ ముందుకి వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఫహు ఎవరి ముందూ మోకాలు వంచదు. ఎవరో అయ్యో అన్నారు. నేను చెయ్యి చాపి అలాగే ఉంచాను. చివరికి మా పెదనాన్న పెద్దకొడుకు, అరవై ఏళ్ళవాడు, కళ్ళు గట్టిగా మూసుకుని మేజోడు లాగాడు. రెండు వేళ్ళు ఆనించాను. రక్తం వస్తోంది. బాగుంది. పక్కవాడిది చూశాను. మడమ పగిలింది, అంతే.

మూడోవాడు పెనిసిమానీ. బూటు విప్పకుండానే, కళ్ళు మూసుకుని వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. నేనే లేసు విప్పాను. మేజోడు కాలికి అతుక్కుపోయి ఉంది.

"ఎన్నాళ్ళయిందిరా?" అన్నాను.

వాడు కళ్ళు తెరిచాడు.

"మూడు వారాలైందక్కా."